సీన్ అంటే చూశామని మాత్రమే

కుట్టుమిషన్ అమ్మకానికి పెట్టిన రోజున మా ఆవిడ ఒకే ఒక షరతు పెట్టింది. ధర ఎంతైనా సరే, కుట్టేవాళ్ళకే ఇవ్వాలి. నేను భిలాయి స్టీల్ ప్లాంటులో రిటైరవడంతో సెక్టర్ ఆరులో క్వార్టర్ ఖాళీ చేసి కోహ్కాలో రెండు గదుల ఇంటికి మారుతున్నాం. కాలితో తొక్కే ఆ మిషన్‌కు అక్కడ చోటు లేదు. పెళ్ళయిన ఏడాది కొన్నది. నా ప్లాంటు చొక్కాల చిరుగులన్నీ దాని మీదే కుట్టింది.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి ఒక ఏఐ ఏజెంట్ తయారుచేస్తోంది. తను మాతోనే ఉంటూ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. పాత సామాను అమ్ముకునే సైటులో మన వస్తువుకు ఎవరెవరు బేరం పెట్టారో, ఏమేం రాశారో ఆ ఏజెంట్ వెళ్ళి చూసి వస్తుంది. మనం అడిగితే తెలుగులోనో హిందీలోనో చెబుతుంది. చూడటం వరకే దాని పని. ఒప్పుకోవడానికీ, కాదనడానికీ దానికి అధికారం లేదు.

"నాన్నా, బనానా నాకొచ్చు, సమ్‌ఝానా రాదు. తయారుచేస్తాను గాని వివరించి చెప్పలేను. దీన్నెలా వాడాలో మీరే రాసీండి. ఏమీ తెలియనివాళ్ళు కూడా చదివి వాడగలగాలి" అంది.

ప్లాంటులో చేరిన రోజు నుంచి నేను డైరీ రాస్తున్నాను. ఏ షిఫ్టులో ఏ పంపు బాగుచేశామో, ఇంట్లో ఏ కూర వండారో అన్నీ అందులో ఉంటాయి. అలాంటివాడికి ఇది పండగే. నాలుగు రోజులు కూర్చుని, కొత్త నోటుపుస్తకంలో పదకొండు మెట్లుగా రాశాను. ఏడో మెట్టు ఇది: "ప్రతి బేరమూ చూసిన తరువాత 'సీన్' అని రాయవలెను." మా ప్లాంటు లాగ్‌బుక్‌లో ప్రతి పేజీ కిందా, చూశామని ఇంగ్లీషులో రాసే మాటే.

నోటుపుస్తకం, ఫోను మా ఆవిడ చేతిలో పెట్టి, "ఇందులో ఉన్నట్టు చెయ్యి, ఎక్కడ ఆగిపోతావో చూద్దాం" అని కూరగాయలకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆమె గర్వంగా కూర్చుని ఉంది.

"ఎక్కడా ఆగలేదు. పదకొండూ సేసీసినాను. మీ రాత బాగానే ఉందండీ."

ఆ సాయంత్రం డైరీలో 'పరీక్ష విజయవంతం' అని రాసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే గుమ్మం ముందు ఒక ఆటో ఆగింది. నా వయసే ఉన్న ఒకాయన తాడు, గోనెపట్టా పట్టుకుని దిగాడు.

"భిలాయి-3 నుంచి వచ్చినానండీ, సైట్లో మీ అడ్రసు సూసి. మిషన్ పట్టుకెళ్ళిపోతాను."

"మేమింకా ఎవరికీ ఇస్తామనలేదే?"

ఆయన ఫోను తీసి చూపించాడు. ఆయన బేరం కింద మా ఫోను నుంచి వెళ్ళిన జవాబు: 'సీన్'.

"నేనూ ప్లాంటులోనే చేసి రిటైరయినాను గురువుగారూ. సీన్ అయిపోయిన కాయితం ఎనక్కి తీసుకుంతారేటి?"

 ఆయన చెప్పింది నిజం. మా దగ్గర పై అధికారి 'సీన్' అని రాసి సంతకం పెడితే, చూశాడని కాదు, కానివ్వమని అర్థం. ఆ ఒక్క మాటతో ఎన్నిసార్లు పనులు మొదలుపెట్టామో!

"జవాబు పెట్టమని ఎవరు చెప్పారు నీకు?" అని మా ఆవిడ మీదకు వెళ్ళాను.

"సీన్ అని రాయమన్నారు. ఎక్కడ రాయాలో రాసినారేటి? ఫోన్లో బేరం కింద రాసీ గడి ఒక్కటే కనిపించింది, రాసీసినాను."

నోటుపుస్తకం తెరిచి చూశాను. నా పుస్తకంలో రాసుకోవాలని నా మనసులో ఉంది గాని కాగితం మీద లేదు. అమ్మాయి తలుపు చాటున నిలబడి నవ్వు ఆపుకుంటోంది.

మా ఆవిడ ఆయనకు టీ ఇచ్చి అసలు సంగతి అడిగింది. "ఇంట్లో కుట్టీది ఎవరన్నయ్యా?"

"కుట్టడానికి కాదు సెల్లమ్మా. ఇనప స్టాండు మీద పాలరాయి ఏస్తే టేబులు బలే ఉంతాది."

"నా మిషన్ మీద పకోడీల పళ్ళెం ఎడతారా?"

ఆయన టీకప్పు కింద పెట్టేశాడు. కాసేపు మిషన్ వైపు, కాసేపు ఆమె మొహం వైపు చూశాడు.

"ప్లాంటులో పర్మిట్ కేన్సిల్ చెయ్యాలంటే ఇచ్చినోళ్ళే చెయ్యాలి. రూలు. సీన్ మీరే రాసినారు కదా, కేన్సిల్ కూడా మీరే రాయండి."

ఆమె మా ఫోనులో, ఆయన బేరం కిందే, 'కేన్సిల్' అని కొట్టింది. ఆయన రెండో కప్పు టీ తాగి, తాడు మడుచుకుని వెళ్ళాడు.

ఆ వారంలోనే ఏజెంట్ ఇంకో బేరం చదివి వినిపించింది. కోహ్కాలోనే ఉండే ఒక దీదీ, బ్లౌజులు కుట్టడం నేర్చుకుందట, సొంత మిషన్ లేదట. ధర అందరికంటే తక్కువ. మా ఆవిడ పిలిపించి, పాత దుప్పటి ముక్క ఇచ్చి అంచు కుట్టమంది. దీదీ తొక్కుతుంటే మా ఆవిడ వేలితో కుట్టును తడిమి చూసింది. తర్వాత నా చేతిలోంచి పెన్ను లాక్కుని, నా నోటుపుస్తకంలో, మొదట్నుంచీ రాయాల్సిన చోటే, 'సీన్' అని రాసి సంతకం పెట్టింది.

ఎక్కడ రాయాలో, ఎక్కడ రాయకూడదో కలిపి ఏడో మెట్టు ఇప్పుడు మూడు వాక్యాలైంది. మిషన్ ఇప్పుడు దీదీ ఇంట్లో, మా కొత్త ఇంటికి రెండు వీధుల అవతలే ఉంది. మా ఆవిడ రోజూ దానికి నూనె వేశారో లేదో చూడడానికి వెళుతోంది.