కొసరుగా ఇచ్చిన గేమ్ కార్డు

న్యూజిలాండ్‌లో పాపకూర అనే ఊళ్లో మాకొక చిన్న షాపు ఉండేది. మొబైల్ కవర్లు, ఛార్జర్లు, పిల్లలు చేత్తో పట్టుకుని ఆడుకునే గేమ్ మెషీన్ల సామాన్లు అమ్మేవాళ్లం. ఆ మెషీన్‌లో దూర్చే చిన్న కార్డు ఒకటి మా షాపును నిలబెట్టింది. ఇంటర్నెట్‌లో దొంగచాటుగా దించుకున్న గేములన్నీ అందులో ఎక్కించుకోవచ్చు. శనివారం వస్తే దాని కోసమే జనం.

ఇంతలో అలాంటి కార్డులు అమ్మకూడదని చట్టం వచ్చింది. మేమున్నది బిజినెస్ వీసా మీద. ఇక్కడే స్థిరపడిపోవడానికి రెసిడెన్సీకి అప్లై చేసి ఎదురుచూస్తున్నాం. ఒక్క కేసు పడినా మూటాముల్లె సర్దుకోవాల్సిందే. ఆ రోజే కార్డులు తీసేద్దామన్నాను నేను.

మా ఆయన మాత్రం తొణకలేదు. మా మావగారిది తెనాలిలో కిరాణా కొట్టు. ఏది తూచినా చివర్లో గుప్పెడు కొసరు వెయ్యందే ఆయన పొట్లం కట్టేవారు కాదు. కొడుక్కి అదే గుర్తొచ్చినట్టుంది.

"అమ్మితేనేగా తప్పు? కవర్ కొన్నవాళ్లకి కొసరుగా ఇస్తా. కొసరు మీద కేసేంటే, పిచ్చిదానా!" అంటూనే కవర్ల మీద పాత రేటు కొట్టేసి ఎక్కువ రేటు రాశాడు.

ఒళ్లు మండిపోయింది నాకు. కౌంటర్‌కి ఇవతల వచ్చి నిలబడ్డాను.

"సరే, నేనే ఆఫీసర్ననుకోండి. కొసరంటే ఏంటో ఇంగ్లీషులో చెప్పండి."

మా ఆయన గొంతు సవరించుకుని, కవర్ కొంటే కార్డు ఫ్రీ అని ఇంగ్లీషులో చెప్పాడు.

"కొనకపోతే?"

"కొనకపోతే ఎందుకిస్తానే!"

"మరి కవర్ రేటు ఎందుకు పెంచారు? మావయ్యగారు కొసరేసి బియ్యం రేటు పెంచేవారా?"

తండ్రి మాట ఎత్తేసరికి ఛార్జర్లు సర్దడం మొదలెట్టాడు. తర్వాత కార్డులన్నీ సంచిలో పోసి చెత్తలో పడేసి వచ్చాడు.

ఆ తర్వాత శనివారాలు బోసిపోయాయి. కార్డులిస్తే కేసు, షాపు మూతపడితే వీసా గల్లంతు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను చేసిందే సరైన పని, అయినా దిగులుగా ఉండేది.

ఒకరోజు, మనవరాలి కోసం ఒకప్పుడు మా దగ్గర కార్డు కొన్న ఈ దేశపు కివీ ముసలావిడ వచ్చింది. ఆవిడ అడక్కముందే "కార్డులు మానేశాం" అన్నాడు మా ఆయన. ఆవిడ బ్యాగులోంచి మనవరాలి మెషీన్ తీసింది. మడత దగ్గర విరిగి మూత వేలాడుతోంది. ఇది బాగవుతుందా అంది.

మా ఆయన విప్పి చూసి, నేర్చుకుంటూ బాగు చేసేసరికి వారం పట్టింది. ఆవిడ డబ్బిచ్చి, ఒక సంచి నిండా జామకాయల్లాంటి ఫీజోవా పళ్లు కూడా కౌంటర్ మీద పెట్టింది. పెరట్లో చెట్టు విరగకాసిందట. మొహమాటపడి మా ఆయన రిపేరు డబ్బు తగ్గించబోయాడు. ఒప్పుకుంటేనా! పళ్లకీ డబ్బుకీ సంబంధం లేదంది.

మడత విరిగిన మెషీన్లు ఊళ్లో చాలానే ఉన్నాయని ఆవిడ వల్లే తెలిసింది. ఇరుగుపొరుగు వాళ్లని కూడా పంపింది. రిపేర్లతోనే షాపు మెల్లగా తేరుకుంది.

పాస్‌పోర్టుల్లో రెసిడెన్సీ పడిన రోజు మా ఆయన స్వీట్ బాక్సు పట్టుకుని మొదట ఆవిడ ఇంటికే బయల్దేరాడు. నేనూ వెళ్లాను. ఎందుకివి అని ఆవిడ ఆశ్చర్యపోయింది. మా ఆయన ఇంగ్లీషు మాట కోసం వెతుక్కోలేదు. "కొసరు" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.