రంగు పడని రెండో పక్క

నాలుగేళ్ల కిందట, ఆడి అనే తమిళ నెలలో ఒక ఉదయం 9:40కి సింగానల్లూరులోని మా షెడ్డుకు టీ వచ్చింది. గ్లాసు చేతిలో ఉండగానే వాకిట్లో కుట్టియానై ఆగింది. చిన్న గూడ్సు బండికి ఇక్కడ అదే పేరు. బండిలో ఒక ఆర్కేడ్ క్యాబినెట్ ఉంది. నాణెం వేసి నిలబడి ఆడే పాత వీడియో గేము పెట్టె, మనిషెత్తు ఉంటుంది. పాత చెక్క సామాన్లకు తిరిగి రంగు వేయడం నా వృత్తి. నా భార్య పోయి అప్పటికి కొన్ని నెలలే అయింది. చేతికి పని ఉంటే మేలనిపించే రోజులవి.

పెట్టెతో పాటు రంగసామి నాయుడు, ఆయన కూతురు గోమతి దిగారు. ఆయన అవినాశి బస్టాండు దగ్గర చాలాకాలం గేముల అంగడి నడిపాడు. అది మూసేశాక ఈ ఒక్క పెట్టెను ఇంట్లో ఉంచుకున్నాడు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరి, నాలుగడుగులు వేసి ఆగుతున్నాడు.

పెట్టె ముందు భాగం బాగానే ఉంది. సైడ్ ప్యానెళ్లు, అంటే రెండు పక్కల పలకలు, చేతులు ఆనే ఎత్తులో రంగు పోయి తెల్లబడ్డాయి.

"కాసు ఉండేవాడు ముందర నిలబడతాడు తంబీ. లేనోళ్లు పక్కన ఆనుకోని చూస్తారు. అరిగిందంతా కాసియ్యని ఆ ఓసిగాళ్ల వల్లే" అని నవ్వాడు. "నేను ఉండంగా రెండు పక్కలూ పాత మాదిరి చూడాల. పసుపు, మధ్యలో ఎర్ర పట్టీ."

"స్టిక్కర్ అంటిస్తే రెండు దినాల్లో అయిపోతాది గదన్నా?" అంది గోమతి.

"స్టిక్కర్ వేణాం, వద్దు. నేనేమన్నా షేర్ ఆటోనా?" అన్నాడాయన.

ఈ పలకలు పార్టికల్ బోర్డు. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేస్తారు. నేల కడిగిన నీళ్లు పీల్చి అడుగంచులు నానిన బిస్కెట్టులా ఉబ్బాయి. ఆ మేర కోసి, ప్లైవుడ్ అతికాను. తరువాత గుంటలు పూడ్చే ఫిల్లర్, రంగు పట్టడానికి బూడిదరంగు ప్రైమర్, ఆపైన రంగు. పెట్టె నిలబడి ఉంటే రంగు కారుతుంది కనుక పడుకోబెట్టి వేస్తాం. ఒక పక్క పూర్తిగా ముగించి, అది గట్టిపడ్డాకే తిప్పేవాళ్లం. నేను నేర్చుకున్న పద్ధతి అది.

మొదటి పక్క బాగా వచ్చింది. రెండో పక్కకు ప్రైమర్ వేసిన రోజు గోమతి ఫోను చేసింది.

"అన్నా, నాయినను ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేసినారు. ఇంకేమీ సెయ్యలేమన్నారు. సీక్రం తెచ్చేయ్."

"ఇంకో వారం కావాలమ్మా."

"వారం యాడుండాదన్నా?"

సాయంత్రానికి పెట్టెను వాళ్లింటికి తీసుకుపోయాం. గోమతి చెప్పినట్టే, పసుపు పక్క మంచం వైపు, బూడిద పక్క గోడ వైపు పెట్టాం. రంగసామి నాయుడు చాలాసేపు చూశాడు.

"మంచిగా ఉండాది. ఆ పక్క?"

"ఆ పక్కా ఇదే మాదిరి నాయినా" అంది గోమతి.

"నిన్నడగలేదు. తంబిని అడిగినా."

నా భార్య చివరి నెలలో ఏమడిగినా చుట్టాలు సరే సరే అనేవారు. వాళ్లు వెళ్లాక ఆమె గోడ వైపు తిరిగేది.

"లేదయ్యా. ప్రైమర్ మట్టుకే అయింది. రంగు వేయలేదు" అన్నాను. గోమతి తల దించుకుంది.

"తిప్పండి."

తిప్పాం. ఆయన బూడిద పలకను చూసి, "సగం గుండు గీసి వదిలేసినావేప్పా" అన్నాడు. నవ్వు దగ్గులోకి పోయింది. దగ్గు ఆగాక, "ఈడనే వేసేయి" అన్నాడు.

"ఆ వాసన మీ ఊపిరికి ఆగదయ్యా, పడదు."

"ఇప్పుడు ఏది ఆగతాది?"

వాకిలి దగ్గర నిలబడిన ఆయన భార్య వద్దని చేయి ఊపింది. ఆయన ఆమెనూ నన్నూ చూశాడు. "సరి. పసుపు పక్క వాకిటి వైపు పెట్టండి. చూడవచ్చేవాళ్లు నన్ను చూసేది అసహ్యం, దాన్నన్నా చూడనీ" అన్నాడు.

బూడిద పక్క ఆయన వైపే ఉండిపోయింది. ఆ వారంలోనే పోయాడు.

కర్మాంతరం అయ్యాక పెట్టెను షెడ్డుకు తెచ్చుకుని పని ముగిస్తానని అడిగాను. ఆయన భార్య ఒప్పుకోలేదు. "ఏడు తిరిగేదాకా ఈ ఇంటి సామానుకు కొత్త రంగు వెయ్యకూడదప్పా" అంది. ఆ ఏడు మా ఇంటి గోడలకూ సున్నం పడలేదు.

ఏడు తిరిగాక ఫోను చేశాను.

"ఇల్లు బాడుగకు ఇచ్చేసినామన్నా. అమ్మ నా దగ్గరే ఉండాది. ఆ పెట్టె ఎవురూ వద్దన్నారు. సగం పని అయింది ఎవురికి కావాల? పాత సామాన్లవాడు విప్పి ఎత్తుకపోయినాడు" అంది గోమతి. ఆ మాట నన్ను నొప్పించాలని అన్నది కాదు.

ఇప్పుడు ఏ పెట్టె వచ్చినా, కింది పక్క పూత చెడకుండా అంచుల దగ్గర మెత్తటి దిమ్మెల మీద పడుకోబెడతాను. రెండు పక్కలకూ ఫిల్లర్, రెండు పక్కలకూ ప్రైమర్, ఆ తరువాత ఒక్కొక్క పూతా రెండింటికీ. ప్రతి పూతకూ తిప్పాలి, పని ఆలస్యమవుతుంది. ఏ రోజు ఆగిపోయినా రెండు పక్కలూ ఒకటిగా ఉంటాయి. ఒక పక్క ముగించి రెండోది తరువాత మొదలుపెట్టడం మా షెడ్డులో ఇప్పుడు లేదు.