ఎడమకాలికి పని లేని బండి

అమ్మవారి దర్శనానికని తిరుచానూరు దాకా వెళ్ళి, గుడి గడప తొక్కకుండానే తిరిగొచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. తప్పు నాది కాదు. దారిలో ఒక లాడ్జి ముందు ఎవరో యాత్రికుల కారు ఆగి ఉంది. డ్రైవరు తలుపులు తెరిచి పెట్టి మ్యాట్లు దులుపుతున్నాడు. లోపలికి చూద్దును కదా, కాళ్ళ దగ్గర రెండే పెడళ్ళు! మా నాయన ముప్పై అయిదేళ్ళుగా తిరుపతిలో ట్యాక్సీ డ్రైవరు. క్లచ్చి, బ్రేకు, ఆక్సిలేటరు అని మూడు ఉంటాయని నాకు అక్షరాలు రాకముందే తెలుసు.

"మూడోది యాడ పాయెనబ్బా?" అని అడిగాను.

"ఇది ఆటోమేటిక్ అక్కా. క్లచ్చి ఉండదు. గేర్లు అదే మార్చుకుంటాది. ఎడమకాలికి పనే లేదు," అన్నాడతను, దులుపుడు ఆపకుండా.

నా ఎడమకాలికి రెండేళ్ళ వయసు నుంచీ పని లేదు. పోలియో. మోకాలి పైదాకా ఇనుప కమ్మీల బూటు వేసుకుని, చెయ్యి తొడ మీద ఊని నడుస్తాను. అలాంటి కాలితో నడపగలిగే కారు ఒకటి ఈ లోకంలో ఉందని ముప్పై ఏళ్ళు వచ్చేదాకా నాకు ఒక్కరూ చెప్పలేదు. ఒళ్ళు మండింది. ఆ మంట వెనకే చెప్పలేనంత సంతోషం వచ్చింది. అప్పటికప్పుడు ఇంటికి ఆటో పిలిచాను.

"నీ పాసుగాల, అమ్మవారికి పూలు కొన్నింటిమి కదే!" అని వెంట వచ్చిన మా అమ్మ మొత్తుకుంటూనే ఎక్కింది. ఆ పూలు ఇంట్లో పటానికే వేసుకున్నాం.

నా ఆత్రం ఎందుకో చెప్పాలి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను చిత్తూరు రోడ్డులో ఒక పల్లె హైస్కూల్లో లెక్కల టీచర్ని. రోజూ రెండు బస్సులు మారాలి. బస్సు మొదటి మెట్టు నా మోకాలంత ఎత్తు. కమ్మీ పట్టుకుని నన్ను నేను పైకి ఈడ్చుకునేలోపు కండక్టరు "రైట్, రైట్" అనేవాడు. అదైనా ఓర్చుకోవచ్చు. సీటిచ్చిన పుణ్యాత్మురాలు పక్కన చేరి, "పుట్టినప్పట్నుంచేనా మ్మా? పెండ్లయిందా?" అని మొదలుపెడితే, దిగి నడిచిపోదామనిపించేది. నాకు కావలసింది ఒక్కటే. పొద్దున్నే నా అంతట నేను తాళం తిప్పి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బడికి వెళ్ళిపోవాలి.

ఆ సాయంత్రం నాయన అన్నం ముందు కూర్చోగానే విషయం చెప్పాను. ఆయన తిరుమల ఘాట్ మీదే వయసంతా గడిపిన మనిషి. గేరెప్పుడు మార్చాలో ఇంజను గొంతు విని చెప్పేవాడు. వీధిలో ఎవరైనా గేరు గరగరలాడిస్తే ఇంట్లో కూర్చుని, "అయ్యో, ఆ బండి ఏం పాపం సేసిందప్పా!" అని బాధపడేవాడు. అలాంటాయన ముందు గేరు మార్చక్కర్లేని కారు కొంటానన్నాను.

"గేరు లేని బండి ఒక బండేనా? నమలకుండా అన్నం మింగినట్టుంటాది," అన్నాడు.

"నమలలేనోళ్ళు ఏం చెయ్యాల నాయనా? పస్తుండాల్నా?" అన్నాను.

అమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. నేను ఒంటికాలి మీద లేచాను. నా విషయంలో అది మాటవరసకు అనేది కాదు. నేను నడపలేననే కదా ఈ వంకలన్నీ, నా కాలు చూసి జాలిపడే జనంలో నువ్వూ ఒకడివి అని నోటికొచ్చినట్టు అనేసి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. పది రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాట్లాడితే గోడకేసి జవాబు చెప్పాను.

పదకొండో రోజు పొద్దున నేను బూటు పట్టీలు బిగించుకుంటుంటే వచ్చి ఎదురుగా పీట మీద కూర్చున్నాడు.

"నువ్వు నడపలేవని కాదు మ్మే. ఆ బండి దిగలేదని. కొండ దిగేటప్పుడు బండిని పట్టుకునేది బ్రేకు కాదు, గేరు. చిన్న గేర్లో ఏస్తే ఇంజనే పట్టి పెడతాది. గేరు మన చేతిలో లేకపోతే బ్రేకు మిందనే దిగాల. అది కాలిపోయిందంటే ఇంగేం లేదు. దిగేటప్పుడు బ్రేకులు పోయినోళ్ళను నేను సూసినాను. నిన్ను అట్లాంటి దాంట్లో యెట్ల కూసోబెట్టేది?"

ఆయన భయపడుతున్నాడని అప్పుడు గానీ నాకు తెలియలేదు. అంత పొగరు మనిషికి భయం ఉంటుందని ఊహించలేదు. నా కోపం సగం అక్కడే పోయింది. మిగతా సగం మర్యాదకోసం సాయంత్రం దాకా దాచుకున్నాను.

"బండిని సూడకుండానే దిగలేదంటే ఎట్ల నాయనా?" అన్నాను.

"సరే, సూద్దాం పా," అన్నాడు.

చెన్నైలో ఒక ముసలి డాక్టరుగారు తన చిన్న ఆటోమేటిక్ కారు అమ్ముతున్నారని మా హెడ్మాస్టరు చెప్పారు. ఇద్దరం రైలెక్కి వెళ్ళాం. లేత నీలం రంగు, చేతికి ఒదిగినట్టున్న బండి. గేరు రాడ్డు పక్కన వరసగా అక్షరాలు, ఒక అంకె. నాయన దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, కిందికి వంగి చూసి, ఇంజను మీద చెవి పెట్టి విన్నాడు. "గొంతు బాగుండాది," అని ఒప్పుకున్నాడు. నేనైతే సీట్లో కూర్చున్న క్షణమే ఒప్పేసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో నాయనే నడిపాడు. నగరి దాటేదాకా బాగానే వచ్చాం అని రాయాలనుంది, కానీ నగరి దాటనే లేదు. బజారులో ఎదురుగా బస్సు అడ్డం వచ్చింది. వేగం తగ్గించి గేరు మారుద్దామని ఆయన ఎడమకాలు, ముప్పై అయిదేళ్ళ అలవాటు కొద్దీ, క్లచ్చి కోసం వెళ్ళింది. అక్కడ క్లచ్చి లేదు. బ్రేకు ఉంది. క్లచ్చిని తొక్కినట్టు అడుగంటా తొక్కేశాడు. కారు ఉన్నచోటే కూలబడింది. నా నుదురు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంది. వెనక నూలు మూటలు వేసుకుని వస్తున్న సైకిలాయన మా డిక్కీకి గుద్దుకున్నాడు. మూటలు రోడ్డు మీద దొర్లాయి.

సైకిలాయన ముందు కోపంగానే వచ్చాడు. అద్దంలోంచి నాయన నెరిసిన జుట్టు చూసి మెత్తబడ్డాడు. "పరవాలేదు పెద్దాయనా. ఈ వయసులో నేర్చుకునేది రోంత కష్టమే. మెల్లింగా పోండి," అన్నాడు.

నాయన ముఖం చూడాలి! ఘాట్ మీద కొత్త డ్రైవర్లకు పాఠాలు చెప్పిన మనిషి. కిందికి దిగి, మూటలు ఎత్తి సైకిలుకు కట్టిచ్చాడు. నాకు నవ్వాగడం లేదు. నుదురు బొప్పి కట్టింది, దాన్ని పట్టుకుని మరీ నవ్వుతున్నాను. ఆయన లోపలికొచ్చి కూర్చుని ఎడమకాలి వైపు గుర్రుగా చూశాడు.

"ఈ కాలు నా మాట ఇనేట్టు లేదు," అని భుజం మీది తువ్వాలు తీసి, చీలమండకు రెండు చుట్లు చుట్టి, సీటు కింది ఇనుప కమ్మీకి కట్టేశాడు. గట్టిగా లాగి చూసుకున్నాడు. కదల్లేదు.

"ఇప్పుడు నీకెన్ని కాళ్ళో నాకూ అన్నే," అని ఆయనా నవ్వేశాడు. పుత్తూరు దాకా ఇద్దరం నవ్వుకుంటూనే వచ్చాం. ఆ నవ్వులో ఎక్కడో నాకు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి, అవి బొప్పి వల్ల కాదు.

ఆ తర్వాత మూడు వారాలు నాయన తెల్లవారుజామునే కారు తీసి, కాలు కట్టుకుని నడపడం సాధన చేశాడు. వీధిలో వాళ్ళు అడిగితే, "మా పాప యెట్ల నడపాల్నో నాకు తెలియకుండా యెట్ల నేర్పేది?" అనేవాడు. ఒకనాడు చెప్పా పెట్టకుండా కొండకు వెళ్ళొచ్చాడు. వాకిట్లోంచే కేకలు మొదలు.

"మ్మే, యాడుండావు? ఈ రెండు అనే అంకె ఉత్త అలంకారం కాదు! రాడ్డును ఆడికి లాగితే రెండో గేరు దాటి పోదు. ఎల్లు అనే అక్షరంలో ఏస్తే మొదటి గేరే. ఇంజను పట్టి పెడతా ఉండాది! దిగుతాది మ్మే, ఈ బండి దిగుతాది!"

తిరుమల దర్శనం బాగా జరిగిందా అని అమ్మ అడిగితే, దర్శనానికి పోలేదనీ, పైదాకా ఎక్కి వెంటనే దిగేశాననీ చెప్పాడు. మా ఇంటి వరస అది.

నా పాఠాలు తిరుచానూరు అవతల కొత్తగా వేసిన లేఅవుట్లో జరిగాయి. ఇళ్ళు లేవు, తెల్ల సున్నం కొట్టిన హద్దురాళ్ళే. మొదటి వారంలో రెండు రాళ్ళు పడగొట్టాను. పక్క సీట్లో నాయన తన వైపు లేని బ్రేకును రెండు కాళ్ళతో తొక్కి తొక్కి కింది మ్యాటుకు చిల్లి పెట్టాడు. "సూడు సూడు సూడు!" అని ఆయన, "సూస్తానే ఉండాను!" అని నేను. నేను అరిస్తే ఆయన మాట్లాడడం మానేసేవాడు. మాట్లాడకపోతే ఏమైందోనని నేనే ఆపి అడిగేదాన్ని. లైసెన్సు రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టరు నా బూటు వైపు చూసి, "ఎందుకమ్మా నీకీ తిప్పలు?" అన్నారు. "బస్సులో తిప్పలు మీరు చూళ్ళేదు సార్," అన్నాను. ఆయన రివర్సులో రెండు సందులు తిప్పించి, నేను ఎక్కడా తగలకుండా తిప్పడం చూసి, సంతకం చేశారు.

అయినా నాయన నన్ను ఒంటరిగా పంపలేదు. నెల రోజులు పక్కన కూర్చుని బడికి వచ్చాడు. సాయంత్రం దాకా ఊళ్ళో టీ కొట్టు దగ్గర కూర్చునేవాడు. పిల్లలు "మేడమ్ వాళ్ళ నాయన కూడా బడికొస్తాడు" అని నవ్వుకోవడం మొదలుపెట్టారు. ఇక ఊరుకోలేదు నేను.

"ఎన్ని దినాలు నాయనా? నేను బండి కొనింది నీకు కూసునే సీటు ఇచ్చేదానికా?"

ఆయన ఒక పందెం పెట్టాడు. "ఒక్కసారి కొండ దిగి సూపించు. నేను నోరు తెరవను. దిగినావంటే యాడికన్నా పో. లేదంటే నా మాట ఇను." ఒప్పుకున్నాను.

ఆదివారం పొద్దున ఎక్కాం. ఈసారి అమ్మ పోరు పడలేక దర్శనం కూడా చేసుకున్నాం. మధ్యాహ్నం దిగడం మొదలుపెట్టాను. మొదటి వంపు, రెండో వంపు బాగానే తిరిగాను. ఆ తర్వాత రోడ్డు తిన్నగా వాలింది. మాటల్లేని ఆ నిశ్శబ్దానికి కంగారుపడి నేను రాడ్డు సంగతే మరిచిపోయాను. కారు జోరందుకుంది. బ్రేకు తొక్కాను. తగ్గి, మళ్ళీ జోరందుకుంది. మళ్ళీ తొక్కాను. వెనక బస్సు హారను కొడుతోంది. నాయన వైపు ఒక్క చూపు చూశాను. రెండు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, దవడలు బిగించి, మాట ఇచ్చినందుకు ఉడికిపోతున్నాడు. కానీ నోరు తెరవలేదు. అప్పుడు నాకు ఇంజను వినబడింది. ఏ బరువూ లేనట్టు తేలిగ్గా పాడుతోంది. అది అలా పాడకూడదు. రాడ్డును రెండుకు లాగాను. ఇంజను ఒక్కసారి మూలిగి, కారును వెనక్కి పట్టింది. కాలు బ్రేకు మీంచి తీసేశాను. వంపు దగ్గర ఎల్లుకు, వంపు దాటాక రెండుకు. కోతులు పిట్టగోడ మీద కూర్చుని చూస్తున్నాయి. చూడండర్రా, బాగా చూడండి అనుకున్నాను. అంత ఆనందం నాకు అంతకుముందు ఎప్పుడూ లేదు.

కొండ కింద అలిపిరిలో పక్కకు తీసి ఆపాను. నాయన దిగాడు. ఘాట్ దిగిన డ్రైవర్లకు ఒక అలవాటుంది. చక్రం దగ్గర అరచెయ్యి ఆనించి చూస్తారు. బ్రేకు మీద దిగినవాడి చక్రం కాగిపోయి చెయ్యి పెట్టనివ్వదు. నాయన ముందు చక్రం దగ్గర గొంతుకూర్చున్నాడు. చెయ్యి పెట్టాడు. తీయలేదు. అవతలి చక్రానికి వెళ్ళాడు. అక్కడా పెట్టాడు. తర్వాత ట్యాక్సీ స్టాండులో ఉన్న తన పాత స్నేహితుణ్ణి కేకేసి, అతని చెయ్యి పట్టుకుని చక్రానికి ఆనించాడు.

"సూడప్పా. మా పాప దించింది."

"ఉత్త గోరెచ్చగా ఉండాది కదన్నా!" అన్నాడా స్నేహితుడు.

నాయన తన వైపు కిటికీ దగ్గరికి వచ్చాడు. ఎక్కుతాడని తలుపు గడి తీశాను. ఆయన దాన్ని బయటి నుంచే నొక్కి మూసేశాడు.

"ఇంగ నువ్వు పో మ్మా," అన్నాడు.

నేను వెళ్ళాను. ఇంటికి కాదు, ఊరంతా తిరిగాను. బస్టాండు ముందు, నేను ఇదివరకు రోజూ బస్సు ఎక్కిన చోట, పనేమీ లేకపోయినా హారను కొట్టాను. ఇంటి ముందు ఆపేసరికి అమ్మ పరుగెత్తుకొచ్చి, ఖాళీ సీటు చూసి గుండెలు బాదుకుంది.

"మీ నాయన యాడే?"

"వస్తాడు లేమ్మా, నిదానంగా," అన్నాను.

అలిపిరి నుంచి మా ఇంటికి ఎంత మెల్లగా నడిచినా గంటలోపే. ఆయన వచ్చేసరికి పొద్దు గూకింది. దారిలో కనబడిన డ్రైవరునల్లా ఆపి, చక్రం గోరువెచ్చగా ఉండిందని చెప్పుకుంటూ వచ్చాడట.