తెర మీద నా ఎర్రచుక్క

మా టిప్పర్లకు జీపీఎస్ పెట్టిన రోజు అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. "పెండ్లాం అడిగితేనే చెప్పం ఏడున్నమో, ఇగ దీనికి చెప్పాల్నా?" అన్నాను. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు నింపుకుని రైల్వే సైడింగ్‌లో పోసి రావడం నా పని. కాంట్రాక్టరు ఆఫీసులో తెర మీద ప్రతి బండీ ఒక చుక్కగా కదులుతుంది. ఆగితే ఎర్రబడుతుంది, వెంటనే ఫోన్ మోగుతుంది.

నా చుక్క రోజూ తుమ్మచెట్ల మలుపు దగ్గర ఎర్రబడుతోందని ఆఫీసుకు పిలిచారు. ఇన్‌ఛార్జి ఉన్నాడు, గుమాస్తా ఉన్నాడు, తెర ముందు మా గల్లీ అమ్మాయి కూర్చుని ఉంది. చిన్నప్పటి నుంచీ నన్ను కాకా అని పిలిచే పిల్ల.

"దినాం ఆడనే ఎందుకు ఆగుతున్నవ్? డీజిల్ ఎవలకు అమ్ముతున్నవ్?" అన్నాడు ఇన్‌ఛార్జి.

నాకు షుగర్. మధ్యలో దిగక తప్పదు. ఆ మాట చెబితే బండి మీంచి దించేస్తారు, చెప్పకపోతే దొంగనవుతాను. దొంగతనం చేయకుండానే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అమ్మాయి తిరిగి నా వైపు చూసింది. ఆ పిల్ల కూడా నమ్మేసిందని తెలిశాక నావల్ల కాలేదు.

"ఒంటికి పోతున్న సార్. షుగరున్నది, ఆపుకోలేను."

గుమాస్తా పక్కున నవ్వాడు. అమ్మాయి తల వంచుకుంది. నాకు తల తీసేసినట్టయింది.

ఇన్‌ఛార్జి మంచివాడే, అదే నా ఖర్మ. "గీ ముచ్చట ముందే చెప్తె అయిపోతుండె కద! ఫికర్ చెయ్యకు, బండి నడుపుకో" అన్నాడు. మర్నాటి నుంచి నేను ఆగగానే అన్ని బండ్లలోని వాకీటాకీల్లోనూ ఆ అమ్మాయి గొంతు. "కాక బండి ఆగింది. ఎవ్వరు ఫోన్ చెయ్యకుండ్రి." పాపం, నా మేలు కోరే చెప్పేది. వెనక బండివాళ్లు మాత్రం హారన్ కొట్టి, "కానియ్ అన్నా, జల్దేం లేదు!" అని అరిచి పోయేవారు. చెట్టు చాటున నిలబడి, ఒళ్లంతా సిగ్గుతో మండిపోయేవాణ్ణి.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. నా భార్య పొద్దున్నే పెద్ద బాటిల్ నింపి ఇస్తుంది. "షుగరోళ్లు నీళ్లు మంచిగ తాగాల్నట, దవాఖానల చెప్పిండ్రు" అంటుంది. డ్యూటీలో నేను గుక్కెడు కూడా తాగడం లేదు. నా చుక్క ఆ మలుపు దగ్గర ఎర్రబడటం మానేసింది. షిఫ్టు దిగాక టిప్పర్ వెనక్కి పోయి, ఎవరూ లేరని రెండువైపులా చూసుకుని, దొంగలాగా బాటిల్ వంపేస్తాను.

ఇంట్లో ఖాళీ బాటిల్ చూసి నా భార్య సంతోషపడుతుంది.