బొందలగడ్డలో ఒక్క రాయి

మా బాపు సమాధి ఏదో నాకు తెలియదు. అమ్మకు తెలుసు కదా అన్న ధీమాతో ఇన్నేళ్లు గడిపేశాను.

తొండుపల్లి దగ్గర మా ఊరి బొందలగడ్డకు గోడ కడుతున్నారు. మంచిదే. లోపలంతా చదును కూడా చేస్తారట, పేరు రాసి ఉన్న సమాధులను మాత్రం ముట్టుకోరట. ఆ కబురు విన్నప్పటి నుంచి అమ్మ నన్ను నిలవనీయలేదు. తనను కూడా ఆయన పక్కనే పెట్టాలని ఆమె పంతం. ఆదివారం మేమిప్పుడు ఉంటున్న మైలార్‌దేవ్‌పల్లి నుంచి రంగు డబ్బా, కుంచె పట్టుకుని బయలుదేరాం.

బాపు పోయినప్పుడు నేను చిన్నదాన్ని. తలాపున ఒక రాయి పాతారు. తర్వాత మేము ఊరు వదిలేశాం, అక్కడ సర్కారు తుమ్మ కమ్మేసింది. మళ్లీ వెళ్లేసరికి ఆ వైపు ఒక్క రాయే నిలబడి కనిపించింది. ఇదే అంది అమ్మ. అప్పటి నుంచి ఏటా పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాసకు దానికి పసుపు పూసి, ఒక బీడీ కట్ట పెట్టి వస్తున్నాం. చిత్రమేమిటంటే, మేము వెళ్లేసరికే ఎవరో బొట్టు పెట్టి పోయేవాళ్లు.

"ఊరోళ్లు మీ బాపును ఇంకా మర్శిపోలే" అని అమ్మ మురిసిపోయేది.

ఆదివారం ఆ బొట్టు పెట్టే మనిషి ఎదురుపడింది. అమ్మ వయసే ఉంటుంది. ఆమె చేతిలోనూ రంగు డబ్బా.

"ఏందక్కా, మా ఆయన రాయికి రంగేస్తున్నవ్?" అంది అమ్మ.

"మీ ఆయన ఏంది? గీడున్నది మా ఆయన. ఏటేటా బీడీలు పెట్టేది నువ్వేనా? ఆయన జన్మల బీడీ ముట్టలే. ఎవరో దోస్తు పెడ్తున్నడనుకున్న."

నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. పాత గుర్తు ఏదైనా దొరుకుతుందేమోనని రాయి మీది పసుపు గీకాను. పెచ్చులు పెచ్చులుగా ఊడింది. లోపల ఒక బాణం గుర్తు, దాని కింద అంకెలు. ఎయిర్‌పోర్టు రోడ్డు కోసం భూములు కొలిచినప్పుడు ఇలాంటివే దారి పొడవునా పాతారు.

"గిది హద్దురాయి అమ్మా" అన్నాను.

ఇద్దరూ నా మొహం చూశారు. నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. అటు చూస్తే ఒక మట్టిదిబ్బ బాపుదే అనిపించింది, ఇటు తిరిగితే ఇంకోటి. ఇన్నేళ్లూ దండం పెట్టింది దేనికి?

"ఇగ నన్నేడ పెడ్తవ్ బిడ్డా?" అంది అమ్మ.

ముందుగా ఆ పెద్దావిడే తేరుకుంది.

"ఇద్దరి పేర్లు వెయ్యి బిడ్డా. పేరుంటే గీ జాగన్నా మిగుల్తది. గీ సుట్టుపక్కలనే ఉండి ఉంటరు."

బాణం గుర్తు మీదే రెండు పేర్లూ రాశాను. అమ్మ బీడీ కట్ట తీసి, పెట్టబోయి ఆగింది.

"పెట్టక్కా, మా ఆయన ఏమనుకోడు" అందామె.

అమ్మ కట్టను బాపు పేరు వైపుకు జరిపి పెట్టింది. ఇల్లు చేరేదాకా అదే మాట అడుగుతూ వచ్చింది, నన్నేడ పెడ్తవ్ అని. ఇవాళ పొద్దున కూడా అడిగింది.