గోడకు కంత, బీరువాలో మీటరు

అట్లతద్ది వెళ్లిన మర్నాడు, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలకు, కొబ్బరి డొక్కల ట్రాక్టరు వెనక్కి వస్తూ వస్తూ మా షెడ్డు గోడని పొడిచింది. టైము ఎలా తెలుసంటే, అప్పుడే బీపీ మాత్ర వేసుకుని గడియారం చూశాను. గోడ పడిపోలేదు. మనిషి పక్కకి తిరగకుండా దూరేంత కంత పడింది. అటువైపు మాష్టారు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. దుమ్ము తగ్గాక ఆయన కళ్లజోడు తుడుచుకుని, "బావున్నారాండీ అక్కయ్యగారూ?" అన్నారు. పన్నెండేళ్లుగా పక్కపక్కన వ్యాపారం చేస్తూ, రోడ్డు మీద నమస్కారాలు పక్కన పెడితే, మేము ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మొదటి మాట అదే.

ముమ్మిడివరం వెళ్లే రోడ్డులో కాలువ గట్టు దిగితే మూడు షెడ్లు వస్తాయి. మొదటిది నాది. కోపరేటివ్ బ్యాంకులో లెక్కలు చూసి రిటైరయ్యాక, ఇంట్లో కూర్చుంటే ఎవరో ఒకరి లెక్కలు తప్పు పడుతూ ఉంటానని భయపడి పెట్టుకున్నాను. మధ్యది మాష్టారిది. హైస్కూల్లో లెక్కలు చెప్పి హెడ్మాస్టరుగా దిగిపోయిన మనిషి, ఆదివారం చర్చిలో కానుకల పెట్టె లెక్క కూడా ఆయనే చూస్తారు. చివరిది మిల్లుగారిది. ధాన్యం మిల్లు ఎప్పుడో అమ్మేశారు గానీ ఊరు ఆయన్ని మిల్లుగారనే పిలుస్తుంది. ఆయనకీ మాష్టారికీ మధ్య మొదటినుంచీ కొబ్బరాకుల దడే.

మూడు షెడ్లలోనూ పని ఒకటే. డొక్క నుంచి పీచు తీసేశాక మిగిలే పొట్టుని కడిగి, ఆరబెట్టి, మిషనులో నొక్కి దిమ్మెలు చెయ్యడం. ఒకప్పుడు ఆ పొట్టుని రోడ్డు పక్కన పోసి తగలబెట్టేవాళ్లం. ఇప్పుడు బెంగుళూరులో క్యాప్సికం మట్టికి బదులు దాని మీద కూర్చుని పెరుగుతోంది. పొట్టులో ఉప్పు ఉంటుంది. అది పోయేదాకా మంచి నీళ్లతో కడగాలి. ఈ వ్యాపారంలో ఉన్న విద్య అంతా అంతే, మిగతాది ఎండ చూసుకుంటుంది. కానీ కంత పడక ముందు ఆ కాస్త విద్యనీ ముగ్గురం బంగారంలా దాచుకున్నాం. మాష్టారు కడిగే తొట్ల చుట్టూ గోనెపట్టాలు కట్టించేవారు, లోపల ఎవరో స్నానం చేస్తున్నట్టు.

గోడ కట్టడానికి మేస్త్రీ రేపు వస్తానన్నాడు. తర్వాత ఇసుక దొరకలేదన్నాడు. తర్వాత ఎవరమూ ఆ మాట ఎత్తలేదు, ఎందుకంటే టీ కొట్టు మిల్లుగారి వైపు ఉంది, కంతలోంచి వెళితే ఎండ తగలదు. సాయంత్రం నాలుగింటికి ముగ్గురం మాష్టారి వరండాలో కూర్చోవడం అలవాటైంది.

ఆ కంతలోంచి వచ్చిన మంచిని కాదనను. లోతు తొట్టిలో ఒకేసారి ముంచే బదులు లోతులేని తొట్లలో నీళ్లు మారుస్తూ మూడుసార్లు కడగడం నా పద్ధతి. అది అటు వెళ్లింది. జల్లెడని కొంచెం వాలుగా పెడితే నలకలు వాటంతట అవే జారిపోతాయని మాష్టారు కనిపెట్టారు. అది ఇటు వచ్చింది. వాన మొహం చూడగానే పట్టాతో సహా పొట్టుని మడిచేసే ఉపాయం మిల్లుగారిది. రెండేళ్లలో ఏ దిమ్మె ఎవరిదో మేమే పోల్చుకోలేని స్థితికి వచ్చాం. దాన్ని అభివృద్ధి అనుకున్నాం.

అయితే కంతలోంచి వచ్చేవన్నీ నెగ్గిన సంగతులే. ఒక వేసవిలో మాష్టారు పొట్టు తొందరగా మాగుతుందని ఏదో పొడి కలిపి గుట్టంతా పాడు చేసుకున్నారు. ఆ విషయం నాకు వాసన చెప్పింది, ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. పక్కవాళ్ల నష్టం గురించి అడగడం మా వైపు మర్యాద కాదు. నెల తిరక్కుండా మిల్లుగారి గుట్ట నుంచి అదే వాసన వచ్చింది. అదే పొడి, అదే కొట్టులో కొన్నారు. అప్పుడు మాష్టారు కూడా ఏమీ అడగలేదు. ఆయన మర్యాద ఆయనది.

ఉప్పు చూసే మీటరు సంగతి కూడా అలాగే తేలింది. ముందు ముగ్గురికీ మూడు ఉండేవి. నాదీ మాష్టారిదీ పాడయ్యాక మిల్లుగారు, "మూడెందుకండీ దండగ? మన మధ్య వేరేతనం ఏవుందండీ? ఒక మంచిది కొనుక్కుందాం, నా బీరువాలో ఉంచుతాను, ఎవరిక్కావాలంటే వారు పట్టుకెళ్లండి" అన్నారు.

"ఆయ్" అన్నారు మాష్టారు.

"ఆయ్" అన్నాను నేను.

మా దగ్గర ఆ ఒక్క ముక్కతో పెళ్లిళ్లు కూడా కుదిరిపోతాయి.

ఆ రోజుల్లోనే ఒక అమ్మాయి చేతిలో పలకలాంటి కంప్యూటరు పట్టుకుని వచ్చింది. దగ్గర దగ్గరగా ఉన్న చిన్న పరిశ్రమలు జ్ఞానాన్ని ఎలా పంచుకుంటాయో, దాని వల్ల కొత్తవి ఎలా పుడతాయో చదువుతోందట. మంచి పిల్ల, చెప్పులు బయటే విడిచింది.

"వారానికి ఎన్నిసార్లు జ్ఞానం పంచుకుంటారండీ?" అని అడిగింది.

మాష్టారు నా వైపు చూశారు. "జ్ఞానం అంటే ఎలాంటిదండీ, దైవ సంబంధమా?"

"కాదండీ, వ్యాపారం గురించి మాట్లాడుకోవడం."

"రోజూ మాట్లాడుకుంటాం" అన్నాను.

"నిన్న ఏం మాట్లాడుకున్నారు?"

"పులస ధర" అన్నారు మిల్లుగారు. "ఈ ఏడు నోటికందేలా లేదండీ."

ఆ పిల్ల అది కూడా పలకలోకి ఎక్కించుకుంది. తర్వాత కంత ముందు మమ్మల్ని నిలబెట్టి ఫొటో తీసింది. మా ముగ్గురి మధ్యా ఉన్న నమ్మకమే మా పెట్టుబడి అని చెప్పి వెళ్లింది. మిల్లుగారు ఆ ఫొటోని పెద్ద ఫ్లెక్సీ చేయించి రోడ్డు మీద కట్టారు. అందులో నా కళ్లు మూసుకుని ఉన్నాయి.

ఆ ఫ్లెక్సీ చూశాడో ఏమో గానీ, బెంగుళూరు కొనుగోలుదారు ఒకాయన సంక్రాంతి వెళ్లాక మాష్టారికి ఫోన్ చేశాడు. ముగ్గురూ కలిపి ఒక లారీ సరుకు పంపండి, మా ల్యాబులో ఉప్పు పరీక్ష నెగ్గితే ఏడాది పొడుగునా మీ మూడు షెడ్ల సరుకూ మేమే తీసుకుంటాం అన్నాడు. మే నెలాఖరుకి సరుకు చేరాలి. మాష్టారికి పెన్షను ఉంది, మిల్లుగారికి పొలం ఉంది. నా షెడ్డుకి మాత్రం ఇదే దారి. చిన్న కొనుగోలుదార్లు తమిళనాడు వైపు తిరిగిపోయారు. ఈ ఆర్డరు రాకపోతే వానలు మొదలయ్యే నాటికి షెడ్డు మూసెయ్యాలి. నాకు డెబ్బై రెండు నిండాయి. ఒకసారి మూసిన షెడ్డుని మళ్లీ తెరిచే వయసు కాదు. నా దగ్గర పనిచేసే పదకొండు మంది ఆడవాళ్లకీ ఆ సంగతి తెలుసు, అడిగేవారు కూడా. "వస్తుందా అమ్మగారూ?" అని పొట్టు తిరగేస్తూ అడిగితే, "కడగండి, వస్తుంది" అనేదాన్ని.

వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేస్తారు. అది ఎవరికీ కొత్త కాదు, ఏటా జరిగేదే. ఉప్పలగుప్తం దారిలో ఒంటరిగా ఒక షెడ్డు ఉంది. దాని యజమాని ఎవరింటికీ రాడు, ఎవరినీ పిలవడు. పెళ్లికి పిలిస్తే కవరు పంపి ఊరుకుంటాడు. కాలువ కట్టేసే ముందు ఆయన పెద్ద గొయ్యి తవ్వించి, పట్టా పరిచి, అందులోకి కాలువ నీళ్లు తోడించుకుంటున్నాడని తెలిసింది. మేము నాలుగింటి టీలో బాగా నవ్వుకున్నాం.

"చేపలు పెంచుతాడేమోనండీ" అన్నారు మిల్లుగారు.

"మాట్లాడే తోడు లేదు కదండీ, వాటితోనైనా మాట్లాడుకుంటాడు" అన్నారు మాష్టారు.

కాలువ కట్టేశారు. మా తొట్లు ఎండాయి. అప్పుడు మిల్లుగారు తన కొత్త బోరు సంగతి చెప్పారు. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక ఈ చుట్టుపక్కల ఏ బోరు తియ్యగా ఉంటుందో దేవుడికే తెలియాలి. ఆయన మాత్రం, "మా బోరు నీళ్లు కొబ్బరి నీళ్లండీ" అన్నారు. అని ఊరుకుంటే బాగుండేది. భార్యని పిలిచి, స్టీలు పళ్లెంలో మూడు గ్లాసులు పెట్టించి తెప్పించారు.

ఇక్కడి వాళ్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ఇల్లాలు స్వయంగా తెచ్చి చేతికిచ్చిన మంచినీళ్ల గురించి, బావున్నాయనడం తప్ప ఏం మాట్లాడతాం? నేను ఒక గుక్క తాగాను. నాలుక చివర ఏదో పట్టుకున్నట్టు అనిపించింది. మాష్టారు గ్లాసు మొత్తం తాగేశారు. ఆయన కంఠం ఒకసారి ఆగి మళ్లీ కదిలింది.

"ఎలా ఉన్నాయండీ?" అని అడిగింది ఆవిడ.

"ఆయ్, తియ్యగా ఉన్నాయమ్మా" అన్నారు మాష్టారు.

పరిశ్రమలో వాడబోయే నీళ్లని అతిథి మర్యాదల లెక్కలో పరీక్షించిన వాళ్లు దేశం మొత్తం మీద మేమే అయి ఉంటాం.

నేను మీటరు అడిగాను. "ఒకసారి పెట్టి చూద్దాం బాబూ, లాంఛనానికి" అన్నాను.

"మీటరెందుకండీ పిన్నిగారూ, నాలుక ఉండగా" అని నవ్వారు మిల్లుగారు. మర్నాడు మళ్లీ అడిగితే, "బ్యాటరీ అయిపోయిందండీ. అమలాపురం వెళ్లినప్పుడు తెస్తాను" అన్నారు. ఆ పైన, ఆవిడ వినేలా, "అనుమానం ఉంటే వద్దులెండి, మా నీళ్లు మేమే వాడుకుంటాం" అని చేర్చారు. ఆవిడ మొహం చిన్నబోయింది. మాష్టారు వెంటనే, "అయ్యయ్యో, అక్కయ్యగారి ఉద్దేశం అది కాదండీ!" అన్నారు. నా ఉద్దేశం సరిగ్గా అదే. కానీ అప్పటికి ఆవిడతో సహా ముగ్గురూ నన్ను చూసే చూపు ఎలా ఉందంటే, పంక్తిలో కూర్చుని అన్నంలో రాయి ఏరుతున్న మనిషిని చూసినట్టు ఉంది.

ఆ సాయంత్రమే పైపు పడింది. మిల్లుగారి బోరు నుంచి దడి కిందుగా మాష్టారి కళ్లంలోకి, అక్కణ్ణించి కంతలోంచి నా తొట్లలోకి. పైపు చక్కగా పట్టింది. ఆ కంత దానికోసమే పడ్డట్టు ఉంది. ముగ్గురం నా పద్ధతి ప్రకారమే శ్రద్ధగా, నీళ్లు మార్చి మార్చి మూడేసి సార్లు కడిగాం. ఉప్పు నీళ్లతో ఒకసారి కడిగితే ఒకసారి ఉప్పు పడుతుంది. మేము పద్ధతి తెలిసినవాళ్లం కాబట్టి మూడుసార్లు పట్టించాం.

లారీ వెళ్లిన వారానికి, నాలుగింటి టీ దగ్గర, మాష్టారి ఫోనుకి ల్యాబు రిపోర్టు వచ్చింది. ఆయన అది చదివి ఫోను బోర్లా పెట్టారు.

"ఉప్పటండీ" అన్నారు.

"ఎవరి సరుకులో?" అన్నాను.

"మూడింట్లోనూ. సమానంగా ఉందిట."

మిల్లుగారు, "మాష్టారు చూసేరనుకున్నానండీ. లెక్కల మాష్టారు కదా, చూడకుండా ఉంటారా అని" అన్నారు.

"మీటరు మీ బీరువాలోనే ఉంది కదండీ, మీరు చూసేరనుకున్నాను" అన్నారు మాష్టారు. ఇద్దరూ నా వైపు తిరిగారు. రెండుసార్లు అడిగిన దాన్ని కాబట్టి, మూడోసారి కూడా అడిగే ఉంటానని ఇద్దరూ అనుకున్నారట.

ఇంతకీ విషయం ఇది. వేరేవేరుగా ఉన్నప్పుడు మూడు షెడ్లకీ మూడు మీటర్లు, మూడు అనుమానాలు ఉండేవి. దగ్గరయ్యాక మూడు కలిసి ఒకటయ్యాయి. ఆ ఒకటీ బీరువాలో బ్యాటరీ లేకుండా పడుకుంది.

ఆర్డరు ఉప్పలగుప్తం దారిలో షెడ్డాయనకి వెళ్లింది. ఆయన గోతిలో నీళ్లు కాలువ తెరిచేదాకా సరిపోయాయి. నేను ఒకరోజు ఆటో కట్టించుకుని ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. గొయ్యి ఎంత లోతు తవ్వించారు, పట్టా ఎక్కడ దొరికింది అని అడిగితే అన్నీ చెప్పాడు, ఏదీ దాచలేదు. "ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదండీ" అన్నాడు. కూర్చోమనలేదు, మంచినీళ్లు ఇవ్వలేదు. నాకు చాలా హాయిగా అనిపించింది.

తొలకరి పడ్డాక మాష్టారు, "ఆ కంతలోంచి పాములు వస్తున్నాయండీ అక్కయ్యగారూ" అన్నారు. మిల్లుగారు తన వైపు కూడా వస్తున్నాయన్నారు. నేనూ ఒకటి చూశానన్నాను. ముగ్గురం చూడని పాము కోసం మేస్త్రీని పిలిపించాం. ఈసారి ఇసుక వెంటనే దొరికింది. దడి ఉన్నచోట కూడా గోడ లేచింది.

ఆ పిల్ల మళ్లీ వచ్చింది. కొత్త గోడల్ని చూసి, "ఇప్పుడు మీ మధ్య సమాచారం పంచుకోవడం తగ్గిందాండీ?" అని దిగులుగా అడిగింది.

"లేదమ్మా, పెరిగింది" అన్నాను. "రోజూ పొద్దున్నే ఫోన్లో గులాబీ పువ్వులు పంపుకుంటున్నాం."

అది కూడా ఎక్కించుకుంది.

షెడ్డు శ్రావణం రాకముందే మూసేశాను. నా లెక్కలో పోయినవి ఇవి. ఒక ఏడాది ఆర్డరు. ఒక లారీ సరుకు, కడియం నర్సరీల వాళ్లు చవగ్గా పట్టుకుపోయారు. పదకొండు మంది ఆడవాళ్ల పని. వాళ్లలో నలుగురు ఉప్పలగుప్తం షెడ్డుకి వెళ్లారు, ఏడుగురికి ఇంకా ఏదీ కుదరలేదు. నా జల్లెడ ఒకటి, మాష్టారి దగ్గర ఉండిపోయింది. నాలుగింటి టీ. మీటరు పోలేదు. మిల్లుగారి బీరువాలోనే ఉంది.