నాయన మాటకు ఆధారం

నాకు డాక్టరేటు వచ్చి రెండేండ్లయింది. ఇప్పుడు మదనపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాండాను. ఎవరన్నా 'డాక్టరు మేడమ్' అంటే పలుకుతాను, అంతే. సంతోషమేమీ తెలీదు.

మాది పుంగనూరు పక్క పల్లె. నాయన గొర్రెలు మేపుతాడు. తొలకరికి మొలిచిన లేతగడ్డి మీదికి మందను పరగడుపున వదిలితే చిటుకురోగం తగులుతుందనీ, మేసిన గొర్రె మేసినట్టే పడిపోతుందనీ, ముందు ఎండుమేత వేసి తోలాలనీ నాకు చిన్నప్పుడే చెప్పినాడు. పెద్దయినాక కుప్పంలో రూము తీసుకోని ఉండి, ఒక యూనివర్సిటీలో, ఏదని అడగద్దండి, గొర్రెలోళ్ల తెలివి మీదే పరిశోధన చేసినాను. మన చదువుల్లోంచి తెల్లోళ్ల పెత్తనం పోవాలని మా గైడు సారే ఆ అంశం ఇచ్చినాడు. దాని మీద సదస్సుల్లో గంటలు గంటలు మాట్లాడేవాడు, అదీ ఇంగ్లీషులో.

మొదటి అధ్యాయం చూసి సారు ఎర్రపెన్నుతో కొట్టేసినాడు. "'మా నాయన చెప్పినాడు' అంటే ఆధారమా అమ్మా? అచ్చులో యాడన్నా ఉండాదేమో సూడు. లేకుంటే కమిటీ ఒప్పుకోదు."

వెతికితే దొరికింది. విదేశీ పత్రికలో ఒక దొర రాసిన వ్యాసం. అదే గడ్డి, అదే రోగం, అదే ఎండుమేత. ఫోటో చూస్తే మా కొట్టమే! ఓరి దేవుడా, నేను ఆరో తరగతిలో ఉండంగా మా ఇంటికొచ్చి, మూడు దినాలు మజ్జిగ తాగి, నాయన్ను అడిగి రాసుకుపోయిన మనిషి. వ్యాసంలో నాయన పేరు లేదు, 'ఒక కాపరి' అనుండాది. సారుకు చెప్పినాను. "అయితే ఇంకేం, ఆ దొర పేరే వెయ్యమ్మా," అన్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అదీ. కొట్లాడి ఉండాల్సింది. నాలుగేండ్ల చదువు పోతుందని నోరు మూసుకోని వేసినాను.

పట్టా వచ్చినాక పుస్తకం ఇంటికి తీసుకుపోయినాను. నాయనకు చదువు రాదు. చేతులు కడుక్కోనొచ్చి, పంచెకు తుడుచుకోని ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేను చెప్పిండేది ఇందులో ఉండాదా మ్మా?"

"ఉండాది నాయనా."

"నా పేరు?"

పుట తిప్పినాను. "ఇదో, ఈడుండాది," అని ఆ దొర పేరు మీద వేలు పెట్టినాను.

నాయన ఆ అక్షరాలను తడిమి చూసినాడు. "మీ అమ్మను పిలువు మ్మా, సూపిస్తాను," అన్నాడు.

నాకు ఏడుపు కూడా రాలేదు. పిలిచినాను.